గీసిన గడ్డం కింద 0.02 మిల్లీమీటర్లు

చర్మంలో అన్నిటికంటే పైన ఉండే పొర మందం 0.01 నుంచి 0.02 మిల్లీమీటర్లు. నోటుపుస్తకంలో ఒక్క కాగితం మందం 0.1 మిల్లీమీటరు దాకా ఉంటుంది కాబట్టి ఈ పొర అందులో ఐదో వంతు ఉంటే గొప్ప. ఆ కాస్త మందంలోనే 15, 20 వరసల మృతకణాలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఉంటాయి. వాటి సందుల్లో కొవ్వు పూత. లోపలి నీరు ఆవిరైపోకుండా, బయటి దుమ్మూ సబ్బూ లోపలికి దిగకుండా ఆపేది ఇదే. గడ్డం గీసుకునేటప్పుడు బ్లేడు నడిచేది దీని మీదే.

గడ్డం వెంట్రుకలు మనిషిని బట్టి 10 వేల నుంచి 15 వేల దాకా ఉంటాయి, కొందరికి ఇంకా ఎక్కువ. రోజుకు 0.3 నుంచి 0.4 మిల్లీమీటర్లు పెరుగుతాయి. మూడు బ్లేళ్ల రేజరుతో ముఖమంతా కలిపి 60 సార్లు గీశామనుకుందాం. ఒక్కో గీతకు మూడు అంచులు, మొత్తం 180 అంచులు చర్మాన్ని రాసుకుంటూ పోయాయి. ఐదు బ్లేళ్లదైతే 300. కింది నుంచి పైకి రెండోసారి కూడా లాగితే ఆ లెక్క రెట్టింపు. బేసిన్‌లో పడిన నురగలో వెంట్రుకల ముక్కలే కాదు, చర్మపు పొట్టు కూడా ఉంటుంది. 20 వరసల్లో కొన్ని అలా కొట్టుకుపోయాక మిగిలిన గోడకు నీరు ఆపే శక్తి తగ్గుతుంది. ఆ తర్వాత వచ్చే మంటా, ఎర్రదనమూ, బిగుతూ అన్నిటికీ మూలం ఇక్కడే ఉంది.

కాబట్టి గడ్డం గీసుకున్నాక ఏం రాసుకోవాలన్న ప్రశ్నకు జవాబు చిన్నదే. పోయిన వరసలు మళ్లీ కట్టుకునేదాకా వాటికి బదులుగా ఒక సాదా పూత. సీసా మీద రాసి ఉన్న మిగతాదంతా సువాసన. అయితే ఈ పూత చేసే మేలు ఎంతన్నది, అంతకు ముందు బ్లేడూ నీళ్లూ చేసిన చెరుపు మీద ఆధారపడి ఉంటుంది. హైటెక్ సిటీ చుట్టుపక్కల ఉండేవాళ్ల సంగతికొస్తే నేను బ్లేడు కంటే నీళ్లనే ముందు నిలదీస్తాను.

బ్లేడు గురించి, ఆఫ్టర్‌షేవ్ గురించి ఒక్కో మాట చెప్పి నీళ్ల దగ్గరికి వెళ్దాం. మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించింది 1998 నవంబరు 22న. జిలెట్ కంపెనీ మూడు బ్లేళ్ల మాక్3ని అమెరికాలో తెచ్చింది కూడా 1998లోనే. 1971లో రెండు, 1998లో మూడు, 2006లో ఐదు, ఇలా ఒక్కో రేజరులో బ్లేళ్ల సంఖ్య పెరుగుతూ వచ్చింది. మొదటి అంచు వెంట్రుకను కాస్త పైకి లాగుతుంది, అది వెనక్కి జారేలోపు రెండోది కోస్తుంది. అందుకే చెంప అంత నున్నగా వస్తుంది. కోసిన కొన చర్మం మట్టం కంటే కిందికి పోవడం కూడా అందుకే. వెంట్రుక ఉంగరాలు తిరిగేవాళ్లకు ఆ కొన పెరుగుతూ పెరుగుతూ పక్క చర్మంలోకే గుచ్చుకుంటుంది. గొంతు మీద వచ్చే పొక్కుల్లో చాలా వాటి కథ ఇదే. ఇలాంటివాళ్లకు నున్నదనం మీద మోజు తగ్గించుకోవడం కంటే మంచి మందు లేదు. ట్రిమ్మరుతో 1 మిల్లీమీటరు ఉంచి కత్తిరిస్తే కొన లోపలికి పోవడానికి సందే ఉండదు. ఇప్పటి ఐటీ ఆఫీసుల్లో ఆ కాస్త గడ్డానికి అభ్యంతరం చెప్పే మేనేజరు ఎక్కడా ఉండడు.

42 కాదు, 34

ఆఫ్టర్‌షేవ్ చుక్క తగలగానే చురుక్కుమంటుందే, ఆ మంటను చాలామంది మందు పని చేస్తోందనడానికి గుర్తుగా తీసుకుంటారు. తండ్రుల కాలం నుంచీ వచ్చిన నమ్మకం అది. ఓల్డ్ స్పైస్ మగవాళ్ల సరుకు అమెరికాలో మొదలైంది 1938లో. మన దగ్గర దాని తెల్ల సీసా అద్దం ముందు అరలో ఉంటే అదొక హోదా.

మంట అసలు సంగతి వేరు. మన నరాల చివర టీఆర్‌పీవీ1 అనే ఒక ద్వారం ఉంటుంది. దాన్ని 1997లో కనిపెట్టిన డేవిడ్ జూలియస్‌కు 2021లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమతిలో సగం దక్కింది. ఈ ద్వారం ముఖ్యంగా రెండిటికి తెరుచుకుంటుంది. ఒకటి మిరపకాయలోని కారం, రెండోది 42 డిగ్రీల చుట్టుపక్కల వేడి. ఆల్కహాలు తగిలితే ఈ 42 కాస్తా 34కు దిగిపోతుందని 2002లో నేచర్ న్యూరోసైన్స్ పత్రికలో వచ్చిన పరిశోధన చూపించింది. ముఖం మీది చర్మం మామూలుగా ఉండేదే 33, 34 డిగ్రీల దగ్గర. అంటే ఆల్కహాలు పడ్డ చోట మన ఒంటి వెచ్చదనమే నరానికి నిప్పులా తోస్తుంది. పైపొర ఎంత పోతే ఆల్కహాలు అంత సులువుగా నరాన్ని చేరుతుంది, మంట అంత పెరుగుతుంది. ఆ చురుకు చెప్పేది చర్మం ఎంత గీసుకుపోయిందన్నదే. మానుతోందని కాదు.

మంట వెంటనే చల్లగా అనిపించడానికి రెండు కారణాలు. ఆల్కహాలు ఆవిరవుతూ వేడిని పట్టుకుపోతుంది. పుదీనా సత్తు మెంథాల్ ఉంటే అది చలిని గుర్తించే మరో ద్వారాన్ని తెరుస్తుంది. 25 డిగ్రీల చుట్టూ తెరుచుకోవాల్సిన ఆ ద్వారం మెంథాల్ తగిలితే వెచ్చటి చర్మం మీద కూడా తెరుచుకుని చల్లదనాన్ని నమ్మిస్తుంది. మెంథాల్ వల్ల చర్మం నిజంగా చల్లబడదు. పైగా ఆల్కహాలు మిగిలి ఉన్న కాస్త కొవ్వు పూతను కూడా కరిగిస్తుంది. అది సూక్ష్మజీవులను చంపుతుంది, కాదనను. కానీ తెగని చెంప మీద చంపాల్సిన శత్రువెవరూ ఉండరు. తెగిన చోట ఒక్క చుక్క చాలు, ముఖమంతా స్నానం చేయించనక్కర్లేదు. నివియా కంపెనీ ఆల్కహాలు లేని ఆఫ్టర్‌షేవ్ బామ్‌ను 1980లోనే తెచ్చింది. అయినా చురుక్కుమనే సీసాలు ఇంకా అమ్ముడవుతూనే ఉన్నాయంటే అది అలవాటు మహిమ.

నిమ్మకాయ గురించి కూడా ఇక్కడే చెప్పాలి. ముఖానికి నిమ్మచెక్క రుద్దుకునే వాళ్లున్నారు. నిమ్మరసం పీహెచ్ 2 దగ్గర ఉంటుంది, చర్మానిది 5 దగ్గర. పీహెచ్‌లో ఒక్కో అంకెకు పదింతల తేడా కాబట్టి మూడు అంకెలంటే వెయ్యింతల పులుపు. పైగా నిమ్మజాతి రసం చర్మం మీద ఉండగా ఎండ తగిలితే బొబ్బలెక్కి నల్లటి మచ్చలు మిగిలే ప్రమాదం ఉంది. రాయదుర్గం మెట్రో స్టేషన్ నుంచి ఆఫీసు దాకా మే నెల ఎండలో నడిచేవాళ్లకు అసలు పనికిరాదు.

మగ్గులో ఉన్నదేమిటి

మాదాపూర్ అయ్యప్ప సొసైటీ, కొండాపూర్, గచ్చిబౌలి వీధుల్లో పీజీ హాస్టళ్లు బారులు తీరి ఉంటాయి. మూడు షేరింగ్, నాలుగు షేరింగ్ గదికి ఒక్కటే బాత్‌రూము. బకెట్టు, మగ్గు, గోడకు గీజరు. ఆ గీజరు విప్పి చూస్తే లోపలి కాయిల్ మీద తెల్లగా, గరుగ్గా గట్టిపడిన పొర కనిపిస్తుంది. కుళాయి మూతి చుట్టూ అదే తెలుపు. నల్లా నీళ్లు చాలని చోట బోరు నీళ్లు, వేసవిలో ట్యాంకరు నీళ్లు కలిపి వాడతారు. మన రాతినేల లోంచి వచ్చే బోరు నీటిలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. దీన్నే కఠినత్వం అంటాం. తాగునీటికి భారత ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం కఠినత్వం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. వేరే దారి లేనప్పుడు 600 దాకా సర్దుకోవచ్చు. మీ బిల్డింగు నీటి లెక్క తెలుసుకోవాలంటే ఆక్వేరియం సామాన్లు అమ్మే షాపుల్లో దొరికే కఠినత్వం స్ట్రిప్పు ఒకటి ముంచితే సరిపోతుంది.

ఇప్పుడు ఒక చిన్న లెక్క. నీటి కఠినత్వం 400 అనుకుందాం. షేవింగ్ క్రీములో ఉండేది ప్రధానంగా సబ్బే. సబ్బు కాల్షియంతో కలిస్తే నీటిలో కరగని జిడ్డు తెట్టుగా మారుతుంది. రసాయన లెక్క ప్రకారం ఒక్క లీటరు 400 కఠినత్వపు నీటిలోని కాల్షియం దాదాపు 2.4 గ్రాముల సబ్బును తెట్టుగా మార్చేయగలదు. గడ్డానికి మనం పిండుకునే క్రీము మొత్తం రెండు గ్రాములు ఉంటే ఎక్కువ, అందులో సబ్బు సగం కూడా ఉండదు. అంటే ముఖం కడగడానికి తీసుకున్న ఒక్క మగ్గు నీళ్లలో, మొహాన ఉన్న సబ్బునంతా చర్మానికి అతుక్కునే తెట్టుగా మార్చేంత సున్నం ఉంది. కడిగినా వదలనట్టు చెంపలు పట్టేసినట్టు అనిపించడం భ్రమ కాదు.

ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 80 మంది మీద దీన్ని కొలిచి 2018లో ప్రచురించారు. కఠిన జలంతో కడిగినప్పుడు చర్మం మీద మిగిలిపోయే సబ్బు పదార్థం పెరిగింది, దాంతో పాటే చర్మం రేగడం కూడా. ఇది చదవగానే వేలు పోసి బాత్‌రూముకు సాఫ్టెనరు బిగించుకోవాలనిపిస్తుంది. అమ్మేవాళ్లు చెప్పేదీ అదే. ఆగండి. అదే దేశంలో 336 మంది తామర ఉన్న పిల్లల ఇళ్లలో నీటిని మెత్తబరిచే యంత్రాలు పెట్టి 12 వారాలు చూశారు. 2011లో వచ్చిన ఆ ఫలితాల్లో మామూలు చికిత్సకు మించి ఒరిగిందేమీ లేదు. సమస్య గడ్డం ఉన్న చోటు వరకే అయితే చివరి కడుగుడుకు 300 మిల్లీలీటర్ల ఆర్వో నీళ్లు చాలు. హాస్టల్ వరండాలో పెట్టే 20 లీటర్ల క్యానులో అది 65వ వంతు కంటే తక్కువ. వార్డెను చూస్తే తిట్టవచ్చు గానీ, యంత్రం కంటే చవక.

నీళ్ల పీహెచ్ సంగతి కూడా ఉంది. 2006లో వచ్చిన ఒక అధ్యయనంలో 330 మంది చర్మాన్ని కొలిచారు. 24 గంటల పాటు కడగకుండా, ఏమీ పూయకుండా వదిలేసిన చర్మపు సహజ పీహెచ్ సగటున 4.7. ఉత్త కుళాయి నీళ్లతో కడిగినా అది పైకి జరిగి, మళ్లీ కిందికి దిగడానికి 6 గంటల దాకా పట్టవచ్చని తేల్చారు. సబ్బు పీహెచ్ 9 నుంచి 10. గడ్డానికి నురగ ఎలాగూ తప్పదు. కానీ గీసుకున్నాక మళ్లీ ఒంటి సబ్బుతో ముఖం రుద్దుకోవడం మాత్రం మన చేతిలో ఉన్నదే. అది మానేయండి. స్నానమే ముందు, గడ్డం తర్వాత.

ఈ వరస మార్చడంలో ఇంకో లాభం ఉంది. 1937లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో షేవింగ్ మీద వచ్చిన ఒక పాత పరిశోధన ప్రకారం గోరువెచ్చటి నీటిలో వెంట్రుక పూర్తిగా నానడానికి 2 నుంచి 3 నిమిషాలు పడుతుంది. నానిన వెంట్రుకను కోయడానికి ఎండు వెంట్రుకకు కావలసిన బలంలో సగం కూడా అక్కర్లేదు. బలం తగ్గితే నొక్కడం తగ్గుతుంది, నొక్కడం తగ్గితే పైపొర మిగులుతుంది. స్నానం చేసి వచ్చేసరికి ఆ మూడు నిమిషాలూ ఊరికే గడిచిపోతాయి. క్యాబ్ డ్రైవరు కింద హారన్ కొడుతుంటే పొడి చెంప మీద నురగ రాసి వెంటనే గీసేసేవాడికి ఆ తర్వాత ఎంత ఖరీదైన బామ్ రాసినా పోయింది పోయినట్టే.

బ్లేడు సంగతికి మళ్లీ రావాల్సి వచ్చింది. బ్లేడు ఉక్కు వెంట్రుక కంటే 50 రెట్లు గట్టిది. అయినా మొండిబారుతుంది. ఎందుకన్నది 2020లో అమెరికాలోని ఎంఐటీ పరిశోధకులు సూక్ష్మదర్శిని కింద చూసి సైన్స్ పత్రికలో రాశారు. అంచు అరిగిపోవడం కాదు, వెంట్రుక ఒక కోణంలో తగిలినప్పుడు అంచు నుంచి సన్నటి పెచ్చులు ఊడుతున్నాయి. పెచ్చు ఊడిన అంచు చర్మాన్ని కోయదు, గీరుతుంది. లాగినట్టు అనిపించిన రోజే మార్చేయాలి. నానిన వెంట్రుక మెత్తగా ఉంటుంది కాబట్టి బ్లేడూ ఎక్కువ రోజులొస్తుంది.

ఎంఐటీ పేరు ఈ విషయంలో అంతకు ముందు కూడా ఒకసారి వినిపించింది, అది తలుచుకుంటే నవ్వొస్తుంది. 2002లో జిలెట్ కంపెనీ మన దేశం కోసమని వెక్టర్ అనే రేజరు తయారుచేసి, ఎంఐటీలో చదివే భారతీయ విద్యార్థులకిచ్చి పరీక్షించింది. బాగుందన్నారు. ఇక్కడికి తెస్తే వెంట్రుకలు ఇరుక్కుని మొరాయించింది. అక్కడ కుర్రాళ్లు ధారగా పడే కుళాయి కింద రేజరు కడిగారు. ఇక్కడ మగ్గులో ముంచి తీసేవాళ్లే ఎక్కువ. తర్వాత కంపెనీని కొన్న ప్రొక్టర్ అండ్ గ్యాంబుల్ ఈసారి వెయ్యి మందికి పైగా భారతీయులతో 3,000 గంటలు గడిపి, 2010లో గార్డ్ అనే ఒక్క బ్లేడు రేజరును 15 రూపాయలకు, దాని బ్లేడును 5 రూపాయలకు తెచ్చింది. రెండు, మూడు, ఐదు అని ఎక్కుతూ వచ్చిన లెక్క మగ్గు ముందు మళ్లీ ఒకటికి దిగింది. హాస్టల్ బాత్‌రూములో మగ్గు నీళ్లతో గీసుకునేవాడికి ఐదు బ్లేళ్ల రేజరు కంటే ఒక్క బ్లేడుది కడగడానికి సులువు, చర్మానికి మేలు.

అరగ్రాము పూత

చర్మం బాగున్నప్పుడు దాని గుండా తెలియకుండా ఆవిరయ్యే నీరు చదరపు మీటరుకు గంటకు 5 నుంచి 10 గ్రాములు. గడ్డం ఉండే చోటు విస్తీర్ణం 300 చదరపు సెంటీమీటర్లు అనుకుంటే తొమ్మిది గంటల షిఫ్టులో పోయేది మహా అయితే 2.7 గ్రాములు, అరచెంచా. గీసుకున్నాక పైపొర పల్చబడ్డ చోట ఇది పెరుగుతుంది. చూడ్డానికి చిన్న లెక్కే గానీ, 0.02 మిల్లీమీటర్ల పొరకు అది పెద్ద నష్టం.

ఈ పాపమంతా ఆఫీసు ఏసీదే అంటారు. లెక్క వేసి చూద్దాం. మే నెల మధ్యాహ్నం బయట 40 డిగ్రీలు, గాలిలో తేమ 25 శాతం అనుకోండి. ఘనపు మీటరు గాలిలో దాదాపు 12.8 గ్రాముల నీటి ఆవిరి ఉన్నట్టు. లోపల 24 డిగ్రీలు, 50 శాతం తేమ అనుకుంటే 10.9 గ్రాములు. తేడా రెండు గ్రాములు కూడా లేదు. అదే డిసెంబరు ఉదయం 15 డిగ్రీలు, 60 శాతం తేమ ఉన్నప్పుడు బయటి గాలిలో ఉండేది 7.7 గ్రాములే. అంటే పెదాలు పగిలే చలికాలపు గాలి, మనం తిట్టుకునే ఏసీ గాలి కంటే పొడిది. ఏసీ వల్ల నిజంగా ఇబ్బంది పడేది పైనున్న గ్రిల్లు నేరుగా మొహాన ఊదే సీట్లో కూర్చున్నవాడు. అతను క్రీము మార్చేకంటే కుర్చీ జరుపుకుంటే మేలు.

పూతల్లో పెట్రోలియం జెల్లీని మించినది లేదు. అది ఆవిరయ్యే నీటిని 98 శాతం దాకా ఆపగలదని చర్మవైద్య గ్రంథాలు చెబుతాయి. మామూలు నూనెలు, సిలికోన్లు ఆపేది 20 నుంచి 30 శాతం. కానీ పొద్దున్నే జెల్లీ పూసుకుని హెల్మెట్ పెట్టుకుంటే గచ్చిబౌలి ఫ్లైఓవర్ దాటేలోపే మెడంతా దుమ్ము అంటుకున్న జిడ్డు. పగలు గ్లిసరిన్ ఉన్న, సువాసన లేని, పల్చటి మాయిశ్చరైజరు సరిపోతుంది. గ్లిసరిన్ నీటిని పట్టి ఉంచుతుంది. తడి పూర్తిగా ఆరకముందే, తువ్వాలుతో రుద్దకుండా అద్దిన రెండు మూడు నిమిషాల్లో రాయాలి. జెల్లీ రాత్రికి, అదీ పగిలిన చోట మాత్రమే. కొబ్బరినూనె కొందరికి పడుతుంది, మొటిమలొచ్చే మొహానికి పడదు. కలబంద గుజ్జు చల్లగా ఉంటుంది, కానీ అందులో 98, 99 శాతం నీళ్లే. దాని మీద ఏదో ఒక పూత లేకపోతే ఆ నీళ్లు పోతూపోతూ చర్మాన్ని మళ్లీ బిగిస్తాయి.

హెల్మెట్ మాట వచ్చింది కాబట్టి చెప్పాలి. దాని పట్టీ సరిగ్గా దవడ కింద, బ్లేడు ఎక్కువ గీరే చోటే ఒరుసుకుంటుంది. చెమటా దుమ్మూ పట్టి అట్టకట్టిన పట్టీ. గీసుకున్న పావుగంటకే దాన్ని బిగిస్తే ఏ బామూ కాపాడదు. బండి మీద వెళ్లేవాళ్లు గడ్డం ముందు రోజు రాత్రి గీసుకుంటే చర్మానికి ఏడెనిమిది గంటల వ్యవధి దొరుకుతుంది. అమెరికా టైముకు పనిచేసే నైట్ షిఫ్టు వాళ్లయితే లేవగానే, క్యాబ్ రావడానికి రెండు మూడు గంటల ముందు. పట్టీని వారానికోసారి ఉతకండి.

ఖర్చు ఎంత? ఒకసారికి అరగ్రాము చాలు. 100 గ్రాముల ట్యూబు 300 రూపాయలనుకుంటే 200 సార్లు వస్తుంది, ఒక్కోసారికి రూపాయిన్నర. 2025 సెప్టెంబరు 22 నుంచి షేవింగ్ క్రీము, ఆఫ్టర్‌షేవ్ లోషన్ మీద జీఎస్టీ 18 శాతం నుంచి 5కు తగ్గింది. మామూలు మాయిశ్చరైజరు మీద 18 శాతం అలాగే ఉంది. పన్ను కాకుండా 100 రూపాయల సరుకైతే చురుక్కుమనేది 105కు, మేలు చేసేది 118కి వస్తుంది. పన్నుల వాళ్లకు చర్మం సంగతి ఎవరు చెబుతారు!

సెలూన్‌కు వెళ్లేవాళ్ల లెక్క వేరు. కొండాపూర్ సందుల్లోని సెలూన్‌లో కుర్చీ వెనక నిలబడి చూస్తే తెలుస్తుంది. కాగితం చుట్టి ఉండగానే బ్లేడును నిలువునా రెండుగా విరిచి, సగం ఉస్తరాలో దూర్చి, సగం అర మీద పెడతారు. గీశాక పటిక ముక్కను నీళ్లలో ముంచి చెంపలూ గొంతూ రుద్దుతారు. పటిక తెగిన చోట ప్రోటీన్లను గడ్డకట్టించి రక్తం ఆపుతుంది. ఆ పనిలో దానికి సాటి లేదు. ఆ స్ఫటికం బరువులో 45 శాతానికి పైగా నీళ్లే, అయినా దాని ద్రావణం పులుపు, పీహెచ్ 3 దగ్గర. రాసి అలాగే వదిలేస్తే చర్మం పిడచకట్టుకుపోతుంది. నిమిషం ఆగి కడిగేసి, పైన మాయిశ్చరైజరు రాయమనండి. అంతకంటే ముఖ్యం, కొత్త బ్లేడు మీ కళ్ల ముందే విరవాలి, పటిక ముక్క అందరికీ ఒకటే కాకూడదు. హెపటైటిస్ బి వైరస్ ఎండిన రక్తపు మరకలో కనీసం 7 రోజులు బతకగలదు. అడిగితే ఏమనుకుంటాడోనని మొహమాటపడకండి. ‘అన్నా, కొత్త బ్లేడ్ వెయ్యి’ అంటే ఎవరూ తప్పు పట్టరు.

నవంబరు మధ్య నుంచి జనవరి దాకా సైబరాబాద్ ఆఫీసుల్లో నల్ల చొక్కా, మెడలో మాల, ఐడీ కార్డు కలిసి కనిపిస్తాయి. అయ్యప్ప మండల దీక్ష 41 రోజులు, గడ్డానికి కత్తి తగలదు. రోజుకు 0.35 చొప్పున 14 మిల్లీమీటర్ల పైచిలుకు గడ్డం. చర్మం పైపొర మొత్తం మారడానికి దాదాపు రెండు వారాలు పడుతుంది కాబట్టి ఈలోపు అది మూడుసార్లు కొత్తదవుతుంది. ఏడాదిలో గొంతు మీద పొక్కులు లేని రోజులు ఇవేనని చాలామంది స్వాములకు తెలుసు. చిక్కు మాల తీశాకే. చలిగాలి పొడిగా ఉండే జనవరిలో, అంత పొడుగు గడ్డం మీద నేరుగా రేజరు పెడతారు. వెంట్రుకలు బ్లేళ్ల మధ్య ఇరుక్కుని చర్మాన్ని పీకుతాయి. ముందు ట్రిమ్మరుతో 1, 2 మిల్లీమీటర్లకు దించి, ఒక రోజు ఆగి, ఆ తర్వాత ఒక్క బ్లేడుతో వెంట్రుక వాలిన వైపే గీసుకుంటే గొంతు ఊరుకుంటుంది.

అన్నీ చేసినా పొక్కులొస్తే చాలామంది వెళ్లేది మెడికల్ షాపుకు. కౌంటరు మీద మోచేయి ఆనించి గొంతు చూపిస్తే ఒక చిన్న ట్యూబు చేతికొస్తుంది. రెండు రోజుల్లో ఎర్రదనం మాయం. అద్భుతం అనుకుంటారు. అలాంటి ట్యూబుల్లో చాలా వాటిలో ఉండేది స్టెరాయిడ్. దేశంలోని 12 చర్మవైద్య కేంద్రాల్లో ముఖం మీద సమస్యతో వచ్చిన 2,926 మందిని పరిశీలించి 2011లో ఒక అధ్యయనం వెలువరించారు. వాళ్లలో 433 మంది, అంటే 14.8 శాతం, ముఖానికి స్టెరాయిడ్ క్రీము రాస్తున్నవాళ్లే. ఆ 433లో 257 మందికి రాయమని చెప్పింది డాక్టరు కాదు. ఎర్రదనం తగ్గడం నిజమే, కానీ నెలల తరబడి రాస్తే చర్మం పల్చబడుతుంది, రక్తనాళాలు పైకి కనిపిస్తాయి, మొటిమలు పెరుగుతాయి. అసలే 0.02 మిల్లీమీటర్ల పొర, దాన్ని ఇంకా పల్చన చేసుకోవడం. 2018లో కేంద్రం 14 రకాల స్టెరాయిడ్ పూతలను చీటీ లేకుండా అమ్మకూడని షెడ్యూల్ హెచ్ జాబితాలోకి తెచ్చింది.

ట్యూబు అంచున సన్న అక్షరాల్లో బీటామెథాసోన్, క్లోబెటాసోల్, మొమెటాసోన్ పేర్లలో ఏది కనిపించినా అది గడ్డం మంటకు సొంతంగా రాసుకునేది కాదు. పొక్కుల్లో చీము చేరినా, గుండ్రంగా దురద పెట్టే మచ్చ పాకుతున్నా, రెండు వారాలు గడ్డం గీయడం ఆపినా తగ్గకపోయినా చర్మ డాక్టరును చూడాలి. ఇప్పటికే అలాంటి ట్యూబు నెలలుగా రాస్తున్నవాళ్లు ఒక్కసారిగా మానేస్తే ముఖం మునుపటికంటే ఎర్రగా రేగుతుంది, ఆ భయంతోనే మళ్లీ రాస్తారు. మానే పద్ధతి డాక్టరే చెప్పాలి. వెళ్లేటప్పుడు ఆ ట్యూబును పారేయకుండా జేబులో పెట్టుకెళ్లండి, ఆయన మొదట అడిగేది దాని పేరే.